జీవన్ రక్షా పదక్: ఫైలు ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగిపోతుంది (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో పంచాయతీ కార్యదర్శులున్నారు, ఆ వెనక బడి మాస్టార్లు, గోడవారగా మండల విలేకరులు. మిమ్మల్ని ముగ్గురినీ ఒక్కచోట కూర్చోబెట్టమని అడగడానికి కారణం ఉంది. జీవన్ రక్షా పదక్ ఫైలు పుట్టేది మీలో ఎవరో ఒకరి చేతిలోనే. చాలాసార్లు పుట్టకుండా పోయేదీ అక్కడే.

ముందు పతకం సంగతి చెప్పి, తర్వాత కాగితాల్లోకి వెళ్దాం. కేంద్ర ప్రభుత్వం 1961లో దీన్ని పెట్టింది. నీళ్లలో మునిగిపోతున్నవాళ్లను, మంటల్లో చిక్కుకున్నవాళ్లను, కరెంటు షాక్ కొట్టినవాళ్లను, గనుల్లో, ప్రమాదాల్లో, వరదల్లో, కొండచరియల కింద ఇరుక్కున్నవాళ్లను కాపాడిన మనిషికి ఇచ్చే పతకం ఇది. మొదట్లో ఫస్ట్ క్లాస్, సెకండ్ క్లాస్, థర్డ్ క్లాస్ అనేవారు. ఇప్పుడు సర్వోత్తమ్ జీవన్ రక్షా పదక్, ఉత్తమ్ జీవన్ రక్షా పదక్, జీవన్ రక్షా పదక్ అని మూడు మెట్లు. పతకం ముందువైపు అభయముద్రలో ఒక చెయ్యి, దానిపైన ‘మా భైః’ (భయపడకు) అనే మాట, కింద పతకం పేరు దేవనాగరిలో ఉంటాయి. వెనకవైపు మూడు సింహాల రాజముద్ర.

దీన్ని అశోకచక్రతో కలిపేసి మాట్లాడేవాళ్లున్నారు. రెంటికీ చుట్టరికం ఉంది కానీ ఒకటి కాదు. శత్రువుతో ముఖాముఖి పోరు కాని చోట చూపిన పరాక్రమానికి అశోకచక్ర, కీర్తిచక్ర, శౌర్యచక్ర ఉన్నాయి. అవి సైనికులకూ ఇస్తారు, పౌరులకూ ఇస్తారు. 1986 సెప్టెంబరు 5న కరాచీ విమానాశ్రయంలో హైజాకర్ల నుంచి ప్రయాణికులను కాపాడుతూ చనిపోయిన నీరజా భనోత్‌కు ఇచ్చింది అశోకచక్ర. మన గ్రేహౌండ్స్ కమాండో ప్రసాద్‌బాబుకు మరణానంతరం 2014లో వచ్చిందీ అశోకచక్రే. జీవన్ రక్షా పదక్‌లో అవతల తుపాకీ పట్టుకున్నవాడు ఉండనక్కర్లేదు. అవతల ఉన్నది నీరు కావచ్చు, నిప్పు కావచ్చు, పదకొండు కేవీ తీగ కావచ్చు.

బ్రిటన్‌కు ఈ అవసరం బాంబుల వానలో తెలిసొచ్చింది. 1940 సెప్టెంబరులో లండన్ మీద జర్మన్ విమానాలు రాత్రిళ్లు విరుచుకుపడుతున్నప్పుడు, శిథిలాల కింద దూరి మనుషుల్ని లాగేవాళ్లకూ పేలని బాంబుల్ని పనికిరాకుండా చేసేవాళ్లకూ ఇవ్వడానికి శత్రువుకెదురుగా చూపిన పరాక్రమానికిచ్చే విక్టోరియా క్రాస్ స్థాయి పతకం లేదని రాజు ఆరో జార్జి జార్జ్ క్రాస్ నెలకొల్పాడు. దాని పక్కనే ఒక మెట్టు కింద జార్జ్ మెడల్. జార్జ్ క్రాస్ మన దక్షిణాదికీ వచ్చింది. 1944 ఫిబ్రవరిలో ఇటలీలో మందుపాతర పేలబోతుంటే దానిమీద పడిపోయి తోటివాళ్లను కాపాడిన మద్రాస్ సాపర్స్ (సైనిక ఇంజినీర్ల దళం) సుబేదార్ సుబ్రహ్మణ్యానిది ఆ పతకమే. యుద్ధరంగమే, అయినా ఎదుట శత్రువు లేడు. అందుకే అది విక్టోరియా క్రాస్ కాలేదు. ఈ గీత ఎక్కడ గీస్తారన్నది అర్థమైతే మన పతకంలో ఎవరికి అర్హతో కూడా తేలిగ్గా అర్థమవుతుంది.

అర్హత విషయంలో ఊళ్లలో పెద్ద అపోహ ఒకటి ఉంది. ‘వాడు ఉద్యోగి కదా, డ్యూటీలో చేశాడు, రాదు’ అంటారు. నిబంధన అలా లేదు. సైన్యం, పోలీసు, గుర్తింపు పొందిన అగ్నిమాపక దళం, ఈ మూడింటి వాళ్లు విధి నిర్వహణలో భాగంగా చేసిన పనికి మాత్రమే ఇది వర్తించదు. సెలవుమీద ఇంటికొచ్చిన కానిస్టేబులు చెరువులో దూకి పిల్లాణ్ని తీశాడనుకోండి, రాయవచ్చు. ఆర్టీసీ డ్రైవరు, కరెంటు లైన్‌మన్, సింగరేణి కార్మికుడు, అంగన్‌వాడీ టీచరు, చేపలు పట్టే గంగపుత్రుడు, ఎవరికీ అడ్డు లేదు. ఆడా మగా తేడా లేదు. చనిపోయినవాళ్లకూ ఇస్తారు.

2022 సంవత్సరపు పురస్కారాలు దేశం మొత్తానికి 43. అందులో సర్వోత్తమ్ 7, ఉత్తమ్ 8, మూడో మెట్టు 28. 2023 సంవత్సరానివి మొత్తం 31: అదే వరసలో 3, 7, 21. మన రెండు రాష్ట్రాల్లో ఒక్క వానాకాలంలో కాలువల్లో, వాగుల్లో జరిగే సాహసాలే ఈ లెక్క దాటిపోతాయని నా నమ్మకం. మరి ఎందుకు రావు? నన్నడిగితే ధైర్యం తక్కువై కాదు, ఫైలు లేక.

ఫైలుకు మొదటి శత్రువు గడియారం. సంఘటన జరిగిన రెండేళ్ల లోపు సిఫార్సు వెళ్లాలి. రెండేళ్లంటే బోలెడు సమయం అనిపిస్తుంది. లెక్కేసి చూడండి. కేంద్ర హోంశాఖ ఏడాదికొకసారి రాష్ట్రాలను, కేంద్ర మంత్రిత్వ శాఖలను ప్రతిపాదనలు అడుగుతుంది. రాష్ట్రం జిల్లాలను అడుగుతుంది. కలెక్టరేట్ నుంచి ఆర్డీవోకు, అక్కణ్నుంచి తహసీల్దారుకు, పోలీస్ స్టేషన్‌కు ఆ కాగితం దిగేసరికి వారాలు గడుస్తాయి. మళ్లీ నివేదికలు పైకి ఎక్కాలి. మధ్యలో ఒక బదిలీ, ఒక ఎన్నికల కోడ్ వచ్చాయంటే ఆ ఏటి గడువు దాటిపోయినట్టే. అందుకని పైనుంచి లేఖ వచ్చేదాకా ఆగొద్దు. సంఘటన జరిగిన వారంలోనే కలెక్టరుకు అర్జీ పడాలి. తెలంగాణలో సోమవారం ప్రజావాణిలో ఇచ్చినా సరే, ఆంధ్రాలో కలెక్టరేట్ అర్జీల్లో వేసినా సరే, రసీదు నంబరు దక్కుతుంది. ఆ నంబరే తర్వాత మీకు పట్టుకొమ్మ. పురస్కారాల కోసం కేంద్రం రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్ నడుపుతోంది. ఎంత ఆన్‌లైన్ అయినా ఈ పతకానికి బరువు రాష్ట్ర ప్రభుత్వ సిఫార్సుదే. కాబట్టి జిల్లా దారిని వదిలిపెట్టొద్దు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఢిల్లీలో ఫైలు చూసే కమిటీకి మీ ఊరు తెలియదు, కాలువ తెలియదు. వాళ్లు ప్రధానంగా వెతికేది రెండు విషయాలు. కాపాడినవాడి ప్రాణానికి ఎంత ముప్పు ఉంది? ఒక ప్రాణం నిజంగా దక్కిందా, దక్కితే అది ఇతనివల్లేనా? మూడు మెట్లకూ తేడా కూడా మొదటి ప్రశ్నలోనే ఉంది. కాపాడినవాడి ప్రాణానికి అత్యంత తీవ్రమైన ప్రమాదం ఉన్న పరిస్థితిలో విశేష ధైర్యం చూపితే సర్వోత్తమ్. ప్రాణానికి పెద్ద ప్రమాదం ఉండగా ధైర్యంతో, తక్షణ స్పందనతో దిగితే ఉత్తమ్. తన ఒంటికి తీవ్రమైన గాయాలయ్యే ముప్పు ఉండగా దిగితే మూడోది. చూశారా, కొలత అంతా కాపాడినవాడి ముప్పుదే. మనవాళ్లు రాసే నివేదికల్లో అదే ఉండదు.

సాధారణంగా వచ్చే వాక్యం ఇలా ఉంటుంది: ‘సదరు వ్యక్తి ప్రాణాలకు తెగించి కాలువలోకి దూకి ఇద్దరు చిన్నారులను కాపాడి గ్రామ ప్రజలందరి ప్రశంసలు పొందినాడు.’ ఇందులో కమిటీకి పనికొచ్చే ముక్క ‘ఇద్దరు’ అన్నదొక్కటే. లోతెంత? నీటి వేగమెంత? ఈత వచ్చా? ఎంత దూరం ఈదాడు? ఏమీ లేవు. ‘ప్రాణాలకు తెగించి’ అనేది మీ తీర్పు. తీర్పు చెప్పడం కమిటీ పని, మీ పని కొలతలు ఇవ్వడం.

అదే సంఘటనను ఇలా రాశామనుకోండి, ఉదాహరణకే సుమా: ‘సాయంత్రం నాలుగున్నరకు ఎనిమిది, పదకొండేళ్ల అక్కాచెల్లెళ్లు మెట్లు లేని చోట కాలువలో జారిపడ్డారు. అక్కడ కాలువకు రెండువైపులా సిమెంటు లైనింగ్ ఉంది, నాచు పట్టి ఉంది. ఆ రోజు నీటి లోతు తొమ్మిది అడుగులు. మేకలు కాసుకుంటున్న యాభై రెండేళ్ల వ్యక్తి బట్టలతోనే దూకాడు. పెద్దపిల్ల మెడ పట్టుకోవడంతో ఇద్దరూ ఒకసారి మునిగారు. నూటయాభై గజాల దిగువన వంతెన పిల్లర్ దగ్గర ఒడ్డునున్నవాళ్లు రెండు చీరలు ముడేసి విసిరితే పట్టుకున్నాడు. రెండో పిల్ల కోసం మళ్లీ దిగాడు. కుడి మోచేయి, మోకాలు చీరుకుపోయాయి, ఆరు కుట్లు పడ్డాయి.’ ఒక్క విశేషణం కూడా లేదు. అయినా చదివేవాడి కళ్ల ముందు కాలువ కనిపిస్తుంది. మెడ పట్టుకోవడం, రెండోసారి దిగడం, ఈ రెండు వాక్యాలే మెట్టు నిర్ణయిస్తాయి. ఒకసారి మునిగి తేలినవాడు ముప్పు ఎంతో తెలిసి మళ్లీ దిగాడన్నమాట.

లైనింగ్ సంగతి ఎందుకు రాయాలంటే, మట్టిగట్టు కాలువలో గడ్డిపోచో, చెట్టువేరో చేతికి దొరుకుతుంది. సిమెంటు వాలుమీద నాచు పడితే ఈతగాడికి కూడా పట్టు చిక్కదు. పైకి పాకినకొద్దీ కిందికి జారతాడు. మునిగేది ఎక్కువగా అలా అలిసిపోయినవాళ్లే. ఇది మన జిల్లాల వాళ్లకు తెలుసు, ఫైలు చూసేవాళ్లకు తెలియాలిగా.

కొలతలకు సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? ఇక్కడే కార్యదర్శుల పని. కాలువలో ఆ రోజు ఎన్ని క్యూసెక్కులు వదిలారో జలవనరుల శాఖ సెక్షన్ ఆఫీసులో రోజువారీ రిజిస్టరు ఉంటుంది. అక్కడి ఏఈని (అసిస్టెంట్ ఇంజినీరును) అడిగి ఆ తేదీ నకలు తీసుకోండి. గోదావరి అయితే భద్రాచలం నీటిమట్టం గంటగంటకూ నమోదవుతుంది. 43 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ‘మూడో హెచ్చరిక అమల్లో ఉండగా’ అని రాస్తే చాలు, వేరే వర్ణన అక్కర్లేదు. కృష్ణలో 2024 సెప్టెంబరు వరదకు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదయ్యాయి. ఆ రోజుల్లో దిగువన నాటు పడవలో వెళ్లి ఎవరినైనా తెచ్చినవాడి ఫైలుకు అంతకన్నా పెద్ద సాక్ష్యం ఏముంటుంది? కరెంటు ప్రమాదమైతే సబ్‌స్టేషన్ లాగ్‌బుక్ చూడండి. ఫీడరు (ఆ లైనుకు కరెంటు పంపే సర్క్యూటు) ఎన్ని గంటలకు ట్రిప్పయింది, ఎన్ని గంటలకు ఆపారు అన్నది రాసి ఉంటుంది. కాపాడినవాడు తీగ లాగినప్పుడు లైనులో కరెంటు ఉందా లేదా అన్నది తేల్చేది ఆ పుస్తకమే. కర్రతో కొట్టాడా, ఉత్తచేత్తో లాగాడా, కాళ్లకు చెప్పులున్నాయా, నేల తడిగా ఉందా, ఇవీ రాయాలి.

2024 సెప్టెంబరులోనే ఖమ్మం ప్రకాశ్‌నగర్ వంతెన మీద మున్నేరు వరదలో తొమ్మిదిమంది చిక్కుకుపోతే జేసీబీతో వెళ్లి తీసుకొచ్చిన సంగతి మీకందరికీ గుర్తుండే ఉంటుంది. దాన్ని కసరత్తుగా తీసుకుందాం. అలాంటి ఫైల్లో ఏముండాలి? వంతెన మీద నీరు ఎన్ని అడుగులు పారుతోంది, జేసీబీ ఇంజిన్‌కు నీరు ఎంత దూరంలో ఉంది, రెయిలింగు కనిపిస్తోందా, అధికారులు వెళ్లొద్దన్నారా, హెలికాప్టరో పడవో ఎందుకు అందలేదు, మనిషి ఎన్నిసార్లు వెళ్లాడు, బండి నడపడానికి అతనికి ఎవరైనా ఆదేశం ఇచ్చారా లేక తనంతట తనే వెళ్లాడా. చివరి ప్రశ్న మరిచిపోవద్దు, స్వచ్ఛందం అన్నది విలువ పెంచుతుంది. వీడియో ఉంది కదా అంటారు. ఫోనులో తిరిగే వీడియోకు తేదీ, చోటు, తీసినవాడి సంతకం లేకపోతే ఫైల్లో దానికి బలం ఉండదు. తీసినవాడి దగ్గర అసలు ఫైలు తీసుకుని, ఎప్పుడు ఎక్కడ తీశానో ఒక కాగితం మీద రాయించి సంతకం పెట్టించండి. సీసీ కెమెరా అయితే మరీ తొందర. చాలా కెమెరాల్లో పాత దృశ్యాలు నెల తిరక్కుండానే చెరిగిపోతాయి.

సాక్షుల వాంగ్మూలాలు ముగ్గురివి ఉంటే మేలు: కాపాడబడినవాళ్లు లేదా వాళ్ల అమ్మానాన్న ఒకరు, ఒడ్డున చూసినవాళ్లు ఒకరు, ఇరువైపులా బంధుత్వం లేనివాళ్లు ఒకరు. ఒకరే డిక్టేట్ చేసి ముగ్గురి చేతా సంతకం పెట్టించొద్దు. మూడు కాగితాల్లో అక్షరం పొల్లుపోకుండా అవే మాటలుంటే పైన చూసేవాడికి అనుమానం వస్తుంది. ఎవరి మాటల్లో వాళ్లే చెప్పాలి. చిన్న తేడాలుంటే ఫర్వాలేదు, నిజం అలాగే ఉంటుంది. కాపాడబడినవాళ్ల పేరు, వయసు తప్పనిసరిగా రాయండి. పేరు తెలియని ‘ఒక మహిళ’ ఫైలును నిలబెట్టదు.

ఇక చనిపోయినవాళ్ల సంగతి. ఇది అన్నింటికన్నా బాధాకరం, అన్నింటికన్నా ఎక్కువగా తప్పు జరిగేదీ ఇక్కడే. పిల్లల్ని ఒడ్డుకు నెట్టి తను మునిగిపోయిన మనిషి మీద పోలీసులు అసహజ మరణం కేసు కడతారు. ఇదివరకు నేర విచారణ స్మృతి (సీఆర్పీసీ) 174వ సెక్షను, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 194. శవ పంచనామాలో ‘ప్రమాదవశాత్తు నీట మునిగి’ అని ఒక్క వాక్యం పడుతుంది. చట్టం దృష్టిలో అది తప్పు కాదు, మరణ కారణం అదే. కానీ ఆ వాక్యంతో కాపాడినవాడు కాస్తా మరో మృతుడైపోతాడు. ఏడాది తర్వాత కుటుంబం పతకం అడిగితే పోలీసు రికార్డు ‘ప్రమాదం’ అంటుంది, ఊరు ‘త్యాగం’ అంటుంది. కమిటీ నమ్మేది రికార్డునే. కాబట్టి పంచనామాకు పంచాయతీదారులుగా కూర్చునేవాళ్లు, అంటే ఎక్కువసార్లు మీరే, నీళ్లలోకి ఎందుకు దిగాడన్నది ఆ కాగితంలో ఎక్కేలా చూడాలి. ‘ఫలానా పిల్లలు మునుగుతుండగా కాపాడటానికి దిగి’ అన్న ఒక్క ముక్క. ఫిర్యాదు ఇచ్చే బంధువు ఆ స్థితిలో రాయించలేడు. పక్కనున్నవాళ్లే గుర్తుచేయాలి. పోస్టుమార్టం నివేదిక, మరణ ధ్రువపత్రం, కుటుంబసభ్యుల ధ్రువపత్రం జతచేయాలి. ఈ కాగితాల కోసం ఆ ఇంటి ఆడమనిషిని ఆఫీసుల చుట్టూ తిప్పొద్దు. కార్యదర్శి ఒక్కరే చేయగలిగిన పని అది.

రోడ్డు ప్రమాదాల్లో ఇంకో మెలిక ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షను, గాయపడినవాళ్లను ఆసుపత్రికి చేర్చినవాళ్లకు రక్షణ ఇచ్చింది. పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. చాలా మంచి నిబంధన. కాకపోతే కాలిపోతున్న కారు అద్దం పగలగొట్టి నలుగురిని లాగినవాడు పేరు చెప్పకుండా వెళ్లిపోతే ఆసుపత్రి రికార్డులో ‘తెలియని వ్యక్తి తీసుకొచ్చారు’ అని ఉంటుంది. తర్వాత అతన్ని పతకానికి రాయడం కష్టం. పేరు ఇష్టపూర్వకంగా చెప్పవచ్చని, చెప్పినంత మాత్రాన సాక్షిగా తిప్పరని మీ ఊరి కుర్రాళ్లకు ముందే చెప్పి ఉంచండి. ఇంకొకటి. ప్రమాద బాధితుణ్ని సకాలంలో ఆసుపత్రికి చేర్చినవాళ్లకు కేంద్ర రవాణా శాఖ ఇచ్చే రాహ్‌వీర్ నగదు పురస్కారం వేరు, అది 25,000 రూపాయలు. మంటల్లోకి చెయ్యి పెట్టినవాడి ఫైలును అందులో పడేసి చేతులు దులుపుకోవద్దు.

విలేకరులకు ఒక్క మాట. మీ వార్త కత్తిరింపు ఫైల్లో జతచేస్తారు. అందులో వయసు ఒకచోట ముప్పై రెండు, ఇంకోచోట ఇరవై ఎనిమిది అని ఉంటే ప్రశ్న వస్తుంది. కాపాడినవాళ్ల సంఖ్య పెంచి రాయడం మరీ ప్రమాదం. ‘పదిమందిని కాపాడిన ధీరుడు’ అని మీరు, ‘నలుగురిని’ అని పోలీసులు రాస్తే, నలుగురిని కాపాడింది కూడా అనుమానంలో పడుతుంది. మీ అభిమానం అతనికే ఎదురు తిరుగుతుంది.

మెట్టు ఏది అడగాలన్న దానిమీద గొడవ పడొద్దు. ఎమ్మెల్యే గారు సర్వోత్తమ్ అడగమన్నారని అదే రాసి, లోపల చూస్తే నడుములోతు కుంట ఉంటుంది. వాస్తవాలు నిలబడితే మెట్టు కమిటీ చూసుకుంటుంది. ఆ తర్వాత ప్రధాని, రాష్ట్రపతి ఆమోదం. పేర్లు గణతంత్ర దినోత్సవం ముందురోజు ప్రకటిస్తారు.

ప్రకటన తర్వాత ఢిల్లీ నుంచి పిలుపొస్తుందని ఎదురుచూస్తారు, అలా రాదు. ఈ పతకాన్ని, హోంమంత్రి సంతకంతో వచ్చే ధ్రువపత్రాన్ని, నగదును ఆ మనిషి ఏ రాష్ట్రం వాడైతే ఆ రాష్ట్ర ప్రభుత్వమో, అతను పనిచేసే కేంద్ర శాఖో అందజేస్తుంది. సర్వోత్తమ్‌కు రెండు లక్షలు, ఉత్తమ్‌కు లక్షన్నర, మూడోదానికి లక్ష. డబ్బు బ్యాంకు ఖాతాలో పడాలి కనుక అర్జీ వేసేటప్పుడే ఆధార్‌లో, పాసుబుక్కులో, ఫైల్లో పేరు ఒకేలా ఉందో లేదో సరిచూడండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడా దగ్గర ఆగిపోయే చెల్లింపులు ఎన్నో మీకు తెలియనివి కావు.

ఒక మాస్టారు చీటీ పంపారు: ‘తొమ్మిదో తరగతి కుర్రాడు బావిలోంచి ఇద్దరిని తీశాడు, ఏది రాయాలి?’ జీవన్ రక్షా పదక్ పిల్లలకూ ఇచ్చిన దాఖలాలున్నాయి. ఐదు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల పురస్కార్ వేరుగా ఉంది, అందులో సాహసం ఒక విభాగం. రెంటికీ దారులు వేరు, గడువులు వేరు. బావి గనుక లోతు, నీటి మట్టం, మెట్లున్నాయా, మోటారు పైపు పట్టుకుని దిగాడా అన్నవి రాయండి. పాడుబడ్డ బావి అయితే లోపల విషవాయువు ఉందా అన్నది కూడా. అలాంటి బావిలో మొదట దిగినవాడి కోసం రెండోవాడు, రెండోవాడి కోసం మూడోవాడు దిగి వరసగా చనిపోయిన ఘటనలు మనకు కొత్త కాదు. పిల్లలకు ఈ కుర్రాడి కథ చెప్పేటప్పుడు, దిగే ముందు తాడు, మోకు, గెడకర్ర, ఖాళీ ప్లాస్టిక్ డబ్బా ఏది దొరికినా ముందు అది విసరమని, గాలి ఆడని గోతిలో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ దిగకుండా 101కి ఫోన్ చేయమని అదే పూటలో చెప్పండి మాస్టారూ. అర్జీ మాత్రం ఈ సోమవారమే వేసేయండి. స్టడీ సర్టిఫికెట్‌లో ఉన్న పుట్టినతేదీనే వేయండి, ఆధార్‌లో వేరేగా ఉంటే ముందు అది దిద్దించాలి.